చలిబట్టలు పెట్టెలోకి, గొడుగు గుమ్మములోకి

ఫిబ్రవరి నెలలో ఆదివారపు ఆరాధనకు వచ్చే కుటుంబములను గమనించండి. ఉదయము తొమ్మిది గంటలకు స్వెటర్లు తొడుక్కొని, చెవులకు మఫ్లర్లు చుట్టుకొని వస్తారు. పదకొండు గంటలయ్యేసరికి ఆ స్వెటర్లు ఒళ్ళోకి చేరతాయి. పన్నెండున్నరకు మందిరము బయటికి వచ్చేటప్పుడు స్వెటరు చంకలో ఉంటుంది, కొంగు తలపైకి వస్తుంది. ఒక పూటలోనే ఒక కాలము పోయి మరొక కాలము వచ్చినట్టు ఉంటుంది. ఆ మధ్యాహ్నము బల్లలపై మరచిపోయిన స్వెటర్లను, ఉన్ని టోపీలను పోగుచేసి ఎవరివి వారికి అందజేయడము ప్రతి ఏట మాకుండే పని.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందని పల్లెల్లో పెద్దలు చెప్పే మాట. అయితే అది ఒక్క రాత్రిలో పోదు. హైదరాబాదులో జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గర ఉంటే, మార్చి మధ్యాహ్నములు 35 డిగ్రీలకు చేరతాయి. ఈ రెంటి నడుమ ఆరేడు వారములపాటు తెల్లవారుజామున చలి, మధ్యాహ్నము ఎండ. ఉదయము వేసుకున్నది పగలు మోయలేము, పగటికి సరిపోయేది ఉదయము చాలదు. ఈ వారములలోనే పిల్లలకు జలుబు, దగ్గు, పెద్దలకు నీరసము కనిపిస్తాయి.

ఇందుకు క్రొత్త బట్టలు కొననక్కరలేదు. నాలుగైదు చిన్న వస్తువులు సరిగ్గా చూసుకుంటే చాలు. చెరసాలలో ఉన్న వృద్ధుడైన పౌలు సైతము త్రోయలో వదలివచ్చిన తన పైవస్త్రము కొరకు తిమోతికి వ్రాశాడు. చలికాలము రాకముందే అది తనకు చేరవలెనని అతని ఆశ. కాలము మారకముందే వస్త్రమును గూర్చి ఆలోచించుట చిన్నతనమేమీ కాదు. గనుక మా ఇంట ఏటేట వాడి, మేలు చూసిన వాటిని ఇక్కడ వ్రాస్తున్నాము. మొదట పెట్టెలోకి పోవలసినవి, తరువాత పెట్టెనుండి బయటికి రావలసినవి.

కలరా ఉండల పెట్టె

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో ఒక కుటుంబమునకు మనుమడు పుట్టాడు. మంచి చలిదినములు. తల్లీబిడ్డలు ఆసుపత్రినుండి ఇంటికి రాగానే నాయనమ్మ ట్రంకు పెట్టె తెరచి, తన కుమారుని చిన్ననాడు కప్పిన ఉన్ని శాలువ తీసి, ఎంతో ప్రేమతో బిడ్డకు చుట్టింది. రెండు రోజులకు బిడ్డ కళ్ళు, ఒళ్ళు పసుపు పూసినట్టయ్యాయి. పాలు త్రాగడము మానాడు. రాత్రికి రాత్రి పట్టణమునకు తీసుకొనిపోయారు. మేమూ వెంట వెళ్ళాము.

అక్కడి డాక్టరమ్మగారు బిడ్డను చూసి, "ఈ శాలువ ఎక్కడిదమ్మా? కలరా ఉండలు వేసిన పెట్టెలోనిదా?" అని అడిగారు. అవునన్నారు. వెంటనే శాలువ తీసివేయించి, బిడ్డను నీలి దీపముల క్రింద పెట్టి, రక్తము కూడ మార్చారు. బిడ్డ బ్రతికాడు. నేడు బడికి వెళ్ళుచున్నాడు. అయితే ఆ రాత్రి వరండాలో ఆ నాయనమ్మ, "నా చేతులారా నేనే చుట్టానండి అయ్యగారూ" అని కన్నీళ్ళు పెట్టుకొన్న మాట మేము మరువలేము.

డాక్టరమ్మగారు మాకు వివరముగా చెప్పారు. మనము కలరా ఉండలు అని పిలిచేవి నాఫ్తలీన్ ఉండలు. అవి గాలికి ఆవిరియై బట్టలకు పడతాయి. ఆ ఆవిరి ఊపిరి ద్వారా, చర్మము ద్వారా శరీరములోకి పోతుంది. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలు కొందరుంటారు; వారిలో మగపిల్లలే ఎక్కువ. ఆ ఆవిరికి వారి ఎర్ర రక్తకణములు చిట్లిపోతాయి. రక్తము తగ్గి, పచ్చకామెర్లు పెరిగి, అవి మెదడుకు ఎక్కితే బిడ్డ ప్రాణమునకే ముప్పు. బ్రతికినను వినికిడి, నడక చెడవచ్చును. ఈ లోపము ఉన్నట్టు పైకి చూస్తే ఎవరికీ తెలియదు.

ఆలోచించి చూస్తే, ఆ పొరపాటు శాలువ చుట్టిన దినమున జరగలేదు. ప్రతి ఏట చలి పోగానే గుప్పెడు ఉండలు వేసి పెట్టె మూసిన దినముననే జరిగింది. అందుకే ఈ మాట ఇప్పుడు వ్రాస్తున్నాము. మీ ఇంట ఈ సంవత్సరము బిడ్డ పుట్టనున్నట్లయితే, లేక పసిబిడ్డ ఉన్నట్లయితే, ఆ బిడ్డ బట్టలున్న పెట్టెలో ఒక్క ఉండ కూడ వేయకండి. ఇదివరకే వేసినట్లయితే, ఆ బట్టలను బాగుగా ఉతికి, రెండు మూడు రోజులు ఎండలో, గాలిలో ఆరవేసి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే పెద్దలు వాడుకొనవచ్చును. పసిబిడ్డకు మాత్రము వేరే బట్ట వాడండి. తెల్లగా, గుండ్రముగా పిప్పరమెంటు బిళ్ళలవలె కనిపించే ఈ ఉండలను నడక వచ్చిన పిల్లలు నోట పెట్టుకొనే ప్రమాదము కూడ ఉన్నది.

ఉండలు లేకుండ దాచేదెట్లు?

పురుగు ఉన్నిని, పట్టును తింటుంది. శుభ్రమైన నూలును ముట్టదు. చెమట, తిండి మరకలు ఉన్న ఉన్ని అంటే దానికి మరీ ఇష్టము. గనుక ఉతకకుండ దాచిన స్వెటరే ముందుగా చిల్లులు పడుతుంది.

మరొక సంగతి. చలికాలములో మన పట్టణముల వీధులలో టిబెట్టువారు, ఇతరులు అమ్మే స్వెటర్లలో ఎక్కువ భాగము అక్రిలిక్ నూలుతో అల్లినవి. అది గొర్రె ఉన్ని కాదు. దానిని ఉన్ని పురుగు తిని బ్రతకలేదు. అంటే మనలో చాలామందిమి అక్కరలేని చోట ఉండలు వేయుచున్నామన్నమాట. స్వెటరు మెడవద్ద ఉండే చీటీ చూస్తే ఏ నూలో తెలుస్తుంది.

మా ఇంట అనుసరించే పద్ధతి ఇది. స్వెటరును చన్నీటిలో, కొద్దిపాటి సబ్బుతో ఉతకాలి. పిండకూడదు, తువ్వాలులో చుట్టి ఒత్తితే నీరు దిగిపోతుంది. దండెముపై వేలాడదీస్తే సాగిపోతుంది గనుక చాపమీద పరచి నీడలో ఆరబెట్టాలి. బాగా ఆరిన తరువాత ఒక గంట ఎండ చూపించి, పాత నూలు దిండుగలీబులో పెట్టి మూతి కుట్టాలి. అడుగున బాగా ఎండిన వేపాకు పరచవచ్చును. పచ్చిది పెడితే మరక పడుతుంది, బూజు పడుతుంది. వానాకాలము నడుమ ఒక ఎండదినము చూసి పెట్టె తెరచి గాలి తగలనిస్తే, డిసెంబరులో బట్ట క్రొత్తదానివలె వస్తుంది.

అన్నీ ఒకేసారి పెట్టెలో పెట్టవద్దు. ఇంటికి ఒక శాలువ, తెల్లవారుజామున బస్సు ఎక్కేవారికి ఒక స్వెటరు మార్చి మొదటి వారమువరకు బయట ఉంచుకొనుట మంచిది.

కండువా: ఒక బట్ట, మూడు పనులు

ఈ మధ్యకాలములో మాకు అన్నింటికంటె ఇష్టమైనది నూలు కండువా. ఉదయము అయిదు గంటలకు చెవులు, మెడ కప్పుకుంటే మఫ్లరు. పది గంటలకు భుజముపై వేసుకుంటే కండువా. పన్నెండు గంటలకు తడిపి తలకు చుట్టుకుంటే తలపాగా. స్వెటరువలె మోయవలసిన బరువు కాదు, మరచిపోయినా దిగులు లేదు.

నూలే ఎందుకు? చెమట ఆరినప్పుడు ఒంటి వేడి తగ్గుతుంది. నూలు చెమటను పీల్చి మెల్లగా ఆరనిస్తుంది. పాలియెస్టరు చెమటను పీల్చదు. ఒంటికి అతుక్కొని ఉక్కపోస్తుంది. తడిపిన తువ్వాలు మెడపై వేసుకుంటే చల్లగా ఉండుటకు కూడ నీరు ఆవిరియగుటయే కారణము.

నల్లగొండ వైపు పరిచర్యలో ఉన్న దినములలో పుట్టపాకలో నేసే తేలియా రుమాలును చూశాము. చీరాలలో పుట్టిన ఈ నేత తరువాత పుట్టపాకలో నిలిచింది. నువ్వుల నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో నూలును దినముల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగులలో నేస్తారు. నూనె పట్టిన ఆ నూలు తలకు చలువ చేస్తుందని బెస్తవారు, పశుల కాపరులు తలపాగాగా చుట్టుకొనేవారు. అరబ్బు దేశములకు కూడ ఓడలలో వెళ్ళేది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేడు దాని ధర మన పొలము పనికి అందేది కాకపోవచ్చును. అయితే ఎండకు తగిన తలగుడ్డను మన నేతగాండ్రు ఎంత శ్రద్ధతో తయారుచేశారో తెలుసుకొనుట మంచిది.

ఆ ప్రాంతములోనే గొంగడిని గూర్చి ఒక కురుమ తాత మాతో, "అయ్యగారూ, మీరు కాలానికొకటి మారుస్తరు, మాకు మూడు కాలాలకు ఇదొక్కటే" అన్నాడు. దక్కను నల్లగొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి చలిలో దుప్పటి, వానలో గొడుగు, ఎండలో నీడ. పెట్టెలోకి పోనవసరము లేని చలిబట్ట అదొక్కటే.

మిరప చేలకు వెళ్ళే అక్కచెల్లెండ్రు చీరపై భర్త పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాలు చుట్టుకొనుట మనమందరము చూసినదే. ఫిబ్రవరి, మార్చి నెలలలో మిరప కోతలు జోరుగా ఉంటాయి. ఆ చొక్కా చేతులను ఎండనుండి, మిరప ఘాటునుండి కాపాడుతుంది. అది లేత రంగు నూలు చొక్కా అయితే మరింత మేలు. గనుక ఇంట పాత చొక్కాలను ఇప్పుడు అంట్లగుడ్డలుగా చింపవద్దు.

బండి వెనుక కూర్చుండే ఆడపిల్లలకు ఒక మాట. చున్నీని ముఖమునకు చుట్టుకొనుట మంచిదే. కాని చివరలను తప్పక లోపలికి దోపుకోవాలి. వ్రేలాడే చున్నీ చక్రములో పడి మెడ బిగిసిన ప్రమాదములు ఎన్నో జరిగాయి.

గొడుగు వానకే కాదు

మన ఇండ్లలో గొడుగు జూన్ నెలలో దిగి, అక్టోబరులో అటక ఎక్కుతుంది. నిజానికి దాని మొదటి అవసరము మార్చిలో. ఒంటిపూట బడులు మార్చి నడుమ మొదలవుతాయి. పిల్లలు ఇంటికి నడచివచ్చేది పన్నెండున్నరకు, అంటే సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు. పదవ తరగతి పరీక్షలు కూడ ఆ దినములలోనే. పుస్తకముల సంచిలో ఒక మడత గొడుగు, లేక వెడల్పు అంచుగల నూలు టోపీ ఉంచండి. ముందుకు మాత్రమే అంచు ఉన్న టోపీ మెడను, చెవులను కాపాడదు.

ఎండకు తెల్ల గొడుగు మంచిదా, నల్లది మంచిదా అని అడుగుతారు. పలుచని తెల్లగుడ్డ కంటె దట్టమైన నల్లగుడ్డ ఎండలోని అతినీలలోహిత కిరణములను ఎక్కువగా ఆపుతుంది. గనుక తాతగారి పాత నల్ల గొడుగును చిన్నచూపు చూడకండి. ఊచ విరిగితే ఇప్పుడే బాగు చేయించండి. తొలకరి వరకు ఆగితే బాగుచేసేవానికి తీరిక ఉండదు.

చెప్పులు

మందిరము బయట విడిచిన రబ్బరు చెప్పులు ఆరాధన ముగిసేసరికి పెనమువలె కాలుతుంటాయి. పిల్లలు గెంతుతూ తొడుక్కొనుట చూసి, మా సంఘ యువకులు చెప్పులు విడిచే చోట చిన్న తాటాకు పందిరి వేశారు. పెద్ద ఖర్చు కాలేదు. ఇంటి గుమ్మమువద్ద కూడ చెప్పులను నీడలో విడుచుట అలవాటు చేసుకొనవచ్చును.

షుగరు వ్యాధి ఉన్నవారు ఈ విషయములో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ వ్యాధి చాలకాలముగా ఉన్నవారికి పాదములలో స్పర్శ తగ్గుతుంది. కాలిన నేలపై వట్టికాళ్ళతో నాలుగడుగులు వేసినా వారికి తెలియదు. సాయంకాలము బొబ్బలు చూసుకొని ఆశ్చర్యపోతారు. ఆ బొబ్బ పుండై, కాలి వ్రేలు తీసివేయవలసి వచ్చినవారున్నారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల స్పర్శలేని పాదములను గూర్చి ఎంతో శ్రమించారు. పుండ్లకు కారణము కుష్ఠు మాత్రమే కాదనీ, నొప్పి తెలియకపోవుటయే వాటిని పెంచుతున్నదనీ గ్రహించి, తగిన చెప్పుల తయారీకి పాటుపడ్డారు. ఎం.సి.ఆర్. చెప్పులని పిలిచే మెత్తని రబ్బరు చెప్పులను నేడు షుగరు రోగులకు కూడ వైద్యులు సూచిస్తున్నారు. మీ ఇంట పెద్దలకు వేసవి కానుక ఏదైనా ఇవ్వదలిస్తే, ఇది ఇవ్వండి. తొడుక్కొనేముందు చెప్పును చేతితో తాకి చూడమని చెప్పండి.

ఎండను తక్కువగా తలంచవద్దు

ఈ చిన్న వస్తువులకు ఇంత స్థలము ఎందుకని కొందరు అనుకొనవచ్చును. 2015 మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి పదిహేను వందల మందికి పైగా మరణించారు. ఎండదెబ్బ ఎక్కువగా ఎవరికి తగులుతుంది? ఎండలో కూలిపని చేసేవారికి, వృద్ధులకు, నీడలేనివారికి. మైదాన ప్రాంతములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలుకంటె నాలుగున్నర డిగ్రీలు పెరిగినప్పుడు వాతావరణ శాఖ వడగాలులని ప్రకటిస్తుంది. ఆ ప్రకటన వచ్చిన దినమున గొడుగు వెదకుట మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

ఎవరైనను ఎండలో తూలిపడి, ఒళ్ళు కాలిపోవుచు, మాట తడబడితే అది ఎండదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీటితో తడిపి విసరండి. 108కి ఫోను చేయండి. స్పృహలేనివారి నోట నీరు పోయవద్దు.

ప్రియ చదువరులారా, ఈ శనివారము ఒక గంట ఈ పనికి కేటాయించండి. స్వెటర్లు ఉతకండి. పసిబిడ్డ బట్టల పెట్టెలోని ఉండలు ఏరి పారవేయండి. గొడుగు విప్పి చూడండి. పెద్దల చెప్పులు అరిగినవేమో చూడండి. పెట్టె మూసేటప్పుడు మీకు చాలని స్వెటరు, పిల్లలకు పొట్టియైన ఉన్ని టోపీ ఉంటే ఉతికి విడిగా ఉంచండి. వచ్చే డిసెంబరులో అవి ఎవరికి కావాలో మీకే తెలుసు.

మా మందిరపు వరండాలో మేకుకు నాలుగు నల్ల గొడుగులు వ్రేలాడదీశాము. ఎండలో నడచిపోవలసిన వృద్ధులు తీసుకొని, వచ్చే ఆదివారము తిరిగి తేవలెనని ఏర్పాటు. మొదటి ఏట నాలుగింటిలో రెండే తిరిగి వచ్చాయి. పోయిన రెంటిని గూర్చి సంఘ పెద్దలు విచారించారు. తరువాత ఒక మధ్యాహ్నము చేలగట్టున వెళ్ళుచుండగా, మిరపకాయలు ఆరబోసిన కల్లము ప్రక్కన ఒక కూలితల్లి పసిబిడ్డను నేల పడుకోబెట్టి, ఆ గొడుగును నీడగా గుచ్చి ఉంచుట చూశాము. మేము ఆమెను ఏమీ అడుగలేదు. ఆ వారమే మరి రెండు గొడుగులు కొని మేకుకు తగిలించాము.